సీటు కింద నలిగిన తీగ

ఈ రోజు మధ్యాహ్నం రాజమండ్రిలో మా కారు ఆడియో షాపులో నాకు చెమటలు పట్టేశాయి. కడియం నర్సరీ ఓనరు గారి విదేశీ కారుకి కొత్త ఆంప్లిఫయర్ బిగించి ఆన్ చేస్తే, రేడియోతో సహా అన్నీ మూగబోయాయి.

"ఏంటండీ, ఉన్నది కూడా పోయిందా?" అన్నారాయన. వెనక సీట్లో వాళ్ళమ్మగారు విసురుకుంటూ కూర్చున్నారు. పెనుగొండ గుడికి వెళ్ళాలట.

ఆ కారులో పాట ఫైబర్ తీగలో వెలుతురుగా వెళ్తుంది. రేడియో, ఆంప్లిఫయర్ అన్నీ ఒకే గొలుసు కాబట్టి, ఎక్కడ వెలుతురు ఆగినా అన్నీ ఆగిపోతాయి. లాప్‌టాప్ పెట్టి సెట్టింగులు రెండుసార్లు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. తీగ ఊడదీస్తే కొసన కనపడాల్సిన ఎర్ర వెలుతురు లేదు. వెతగ్గా వెతగ్గా డ్రైవర్ సీటు కింద తీగ నలిగి ఉంది. ఆంప్లిఫయర్ పెట్టడానికి ఆ సీటు ఊడదీసి మళ్ళీ బిగించింది నేనే.

"తప్పు నాదేనండి, తీగ నేనే నలిపేశాను" అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నారు. తిట్టినా బాగుండేది.

కొత్త తీగ వేసి ఆన్ చేశాను. పాట ఒక్కసారిగా మోగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కాస్త తగ్గించు నాయనా, చెవులు పోతున్నాయి" అన్నారు అమ్మగారు.

రెండు గంటలు ఆ చప్పుడు కోసమే చచ్చానని ఆవిడకి ఎలా చెప్పనండీ? మీరైతే ఏమనేవారు?