మేకుల బూట్లతో టెన్నిస్ ఆడినవాడు

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం నా పరువునీ, రెండు మోకాళ్ల చర్మాన్నీ, రైల్వేవారి ఆస్తినీ గంటలోపే ఎలా నాశనం చేశానో చెబుతాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. అంతా నా స్వయంకృతమే.

ఎనభైల నాటి మాట. నాకు ఇరవై రెండేళ్లు. రైలింజన్ల షెడ్డులో ఖలాసీని, అంటే ఇంజను కింద గోతిలోకి దిగి గ్రీజు గోకేవాణ్ణి. అయితే మామూలు ఖలాసీని కాను, స్పోర్ట్సు కోటా ఖలాసీని. పదివేల మీటర్ల పరుగు నా ఆట. రోజూ పొద్దున్నే క్వార్టరు నుంచి లాల్‌ఖదాన్ దాకా వెళ్లి, అక్కడ కనీసం టీ కూడా తాగకుండా వెనక్కి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. మాలాంటివాళ్లకి ఒక భోగం ఉండేది. ప్రాక్టీసు కోసమని ఒక స్లిప్పు ఇచ్చేవారు. అది చూపిస్తే మూడింటికే డ్యూటీ నుంచి వదిలేసేవారు. మిగతావాళ్లు ఐదింటిదాకా గోతిలో ఉడుకుతుంటే, నేను అందరికీ కనబడేలా తల దువ్వుకుంటూ గేటు దాటేవాణ్ణి. ఆ రెండు గంటలంటే నాకు ప్రాణం.

ఏప్రిల్ వచ్చింది. పరుగు పందేలు అయిపోయాయి. ఆటల వ్యవహారం చూసే తివారీ సాబ్ దగ్గరికి స్లిప్పు తీసుకెళితే, సంతకం పెట్టకుండా పెన్ను మూసేశాడు.

"సీజన్ ఖతమ్. అక్టోబర్ తక్ షెడ్ మే కామ్ కరో."

అంటే అక్టోబరు దాకా రోజూ ఐదింటి వరకూ గోతిలోనే. బిలాస్‌పూర్ ఎండాకాలం మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు. మధ్యాహ్నం మూడింటికి ఆ గోతిలో ఉండటం నా వల్ల కాదు. ఏ ఆటలో చోటుంటే ఆ ఆట ఆడతానని వచ్చీరాని హిందీలో కాళ్లావేళ్లా పడ్డాను.

"టెన్నిస్ టీమ్ మే ఏక్ జగహ్ హై. ఆతా హై?" అన్నాడు.

బుద్ధున్నవాడు రాదని చెప్పి వచ్చేసేవాడు. నేను అప్పటికి టెన్నిస్ రాకెట్టు పట్టుకున్నది ఒక్కసారే. అదీ గోల్ బజార్‌లో ఫోటో స్టూడియోవాడు చేతికిస్తే, ఫోటో కోసం.

"పదివేల మీటర్లు పరుగెత్తేవాడికి టెన్నిస్ ఓ లెక్కా సాబ్? ఇటు నుంచి అటు పది అడుగులు వేస్తే కోర్టు అయిపోతుంది. అంతా ఊపిరి మీదే కదా!" అన్నాను.

తివారీ సాబ్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అచ్ఛా! ఆదివారం మన టీమ్‌లో ఉన్న సింహాచలంతో ఆడు. గెలిస్తే సంతకం పెడతాను."

ఆ మాట వినగానే ఎగిరి గంతేశాను. సింహాచలం బాబాయి మా పక్క క్వార్టరే. గూడ్సు గార్డు. యాభై దాటాయి. వీధి మలుపులో ముందు ఆయన పొట్ట కనబడేది, కాసేపటికి ఆయన కనబడేవాడు. ఆయన పరుగెత్తగా కాలనీలో చూసినవాళ్లు లేరు. ఆయన తాపీగా నడిచొచ్చి ఎక్కేదాకా గూడ్సు బండే ఆగేదని చెప్పుకునేవారు.

శనివారం సాయంత్రం గోడ మీంచి పలకరించాడు.

"ఏట్రా నూకరాజూ, రేపు నాతోటి ఆడతావంట?"

"అవును బాబాయ్. నీకాయాసమొస్తే సెప్పీ, మజ్జిలో ఆపీద్దుం."

"అలగే నాన్నా. నువ్వు మాత్రం మంచినీల్లు తెచ్చుకో."

"పదివేల మీటర్లకే తాగను. దీనికేటి బాబాయ్!"

బాబాయి తనలో తను నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడైనా అనుమానం రావలసింది. గర్వం ఉన్నచోట అనుమానానికి చోటెక్కడ?

ఆదివారం ఐదింటికి ఇన్‌స్టిట్యూట్, అంటే రైల్వేవాళ్ల క్లబ్బు, దాని టెన్నిస్ కోర్టు చుట్టూ జనం. ఒక పక్క కుర్చీల్లో ఆఫీసర్లు, టీ కప్పులు. ఇంకో పక్క కంచె పట్టుకుని మా షెడ్డువాళ్లంతా. నేను గెలుస్తాననీ వాళ్లకు ఆశ లేదు, ఓడిపోతాననీ బెంగ లేదు.

బాబాయి మొదటి బంతిని మెల్లగా నెట్టు అవతల పడేశాడు. నేను వెనకనుంచి ఒక్క ఊపులో వచ్చాను. వచ్చాను గాని, ఆగలేకపోయాను. బంతిని దాటి, నెట్టులో చిక్కుకుని, వలలో చేపలా కొట్టుకున్నాను. రెండో బంతి నా తల మీంచి వెనక్కి పోయింది. వెనక్కి తిరిగేలోపు కాలికి కాలు అడ్డం పడింది. ఆ తరవాత ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి ఎడమ, ఒకటి కుడి. బాబాయి మాత్రం గొడుగు నీడంత చోటులోంచి కదల్లేదు.

"బంతి ఇక్కడుంటే అటెల్లిపోతన్నావేట్రా? ఆగు నాన్నా, ఆగు!" అని అవతలనుంచి కేకలు.

అప్పుడు తెలిసింది నా చదువులో లోపం. నాలుగేళ్లు సాధన చేసి నేను నేర్చింది ఒకే దిక్కున, ఒకే వేగంతో, ఎవరూ అడ్డు రాకుండా పోవడం. ఇక్కడేమో నాలుగడుగులకోసారి ఆగాలి, తిరగాలి, మళ్లీ దూకాలి. నా ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి. కాళ్లకే ఏం చెయ్యాలో తెలియడం లేదు.

మొదటి సెట్టు ఆరు, సున్నా. సున్నా నాది.

"సూసారా, ఆయాసమే లేదు!" అని కంచె వైపు గొప్పగా అరిచాను.

"ఆయాసమూ లేదు, పాయింటూ లేదు!" అని షెడ్డువాళ్లు ఒక్కసారే అందుకున్నారు.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. స్లిప్పు చేతిలోంచి జారిపోతోంది. ఏదో ఒకటి చెయ్యాలి. అప్పుడు తట్టింది ఉపాయం. ఆగలేకపోవడానికి కారణం నేను కాదు, జారిపోతున్న కాన్వాసు బూట్లు! సంచీలో నా పందెం బూట్లు ఉన్నాయి, అడుగున మేకులున్నవి. గబగబా తొడుక్కున్నాను.

"అవేటి బూట్లురా?" అన్నాడు బాబాయి.

"పరుగు బూట్లు బాబాయ్. ఇక జారను."

"మేకులున్నాయి కదరా!"

"అందికే జారను."

ఆయన టీ తాగుతున్న తివారీ సాబ్ వైపు చూశాడు. మళ్లీ నా కాళ్ల వైపు చూశాడు. "సరే, నీ ఇష్టం," అన్నాడు.

నిజంగానే ఆగాను. కాళ్లు ఠక్కున ఆగాయి. మిగతా నేను ఆగలేదు. మోకాళ్ల మీద పడి, అక్కడినుంచి మోచేతుల మీదికి వెళ్లాను. ఆ దృశ్యం చూసి నవ్వాపుకోలేక బాబాయి తరవాతి బంతి వదిలేశాడు. నాకు పాయింటు! లేచి రెండు చేతులూ ఎత్తి, మరింత ఉత్సాహంతో కోర్టంతా తొక్కాను. ఎర్రమట్టి కోర్టు పెళ్లలు పెళ్లలుగా లేచింది. బంతి ఆ గుంటల్లో పడి ఎటు ఎగురుతుందో బాబాయికి కూడా తెలియకుండా పోయింది. అలా ఒక గేమ్ గెలిచాను కూడా. ఆట అర్థమైపోయిందనుకున్నాను.

బాబాయి రాకెట్టు కింద పెట్టేశాడు. "సాబ్, ఇది ఆడే జాగా కాదండి ఇంక. వరి నాటుకోవచ్చు!"

సరిగ్గా అప్పుడే నా రెండు పిక్కలూ పట్టేశాయి. నలుగురు పట్టుకుని పక్కకి లాగారు. తివారీ సాబ్ టీ కప్పు చేతిలో పట్టుకుని వచ్చి కోర్టు వైపు చూశాడు. లేచిన మట్టిపెళ్ల ఒకదాన్ని బూటుతో తట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాబ్, ఓడిపోయాను. కాని స్లిప్పు..."

ఆశ్చర్యం! పెన్ను తీశాడు. "స్టామినా తో హై," దమ్మయితే ఉందంటూ అక్టోబర్ దాకా సంతకం పెట్టేశాడు. ఆనందం పట్టలేక ఆయన కాళ్లకి దండం పెట్టాను. కారణం అనే గడిలో ఏం రాశాడో మర్నాడు మూడింటికి గేటు దగ్గర చూశాను. 'కోర్టు మరమ్మతు' అని ఉంది.

ఆ వేసవంతా రోజూ మూడింటికి, అందరికంటే ముందు షెడ్డులోంచి బయటపడి, నెత్తిన నిప్పులు కురుస్తుంటే ఇద్దరు మనుషులు లాగే రాతి రోలరుని ఒక్కణ్ణే లాగాను. షెడ్డు గోతిలో కనీసం నీడ ఉండేది.

అందుకని రోలరు పిడి రెండు చేతులా పట్టుకుని, తూర్పుకి తిరిగి, భూమి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో నాకు రాని ఆటని చులకన చేసి మాట్లాడను, ముఖ్యంగా దాన్ని మట్టి మీద ఆడేటట్టయితే!