పసుపు గీత లోపలి పందిరి

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, ఊళ్లు పలచబడి అడవి మొదలయ్యే చోట మాకొక హోటల్ ఉండేది. హోటల్ అంటే ఒక రేకుల గది, దాని ముందు తాటాకు పందిరి. గదిలో పొయ్యి, బియ్యం బస్తా, నీళ్ల గాబు, నేను. ఇంకొకరు లోపలికి రావాలంటే నేను బయటికి రావాలి. అందుకని తినేవాళ్లంతా పందిరి కిందే, రెండు బల్లల మీద.

సంత రోజు అడవి పల్లెల వాళ్లు చీపురు కట్టలు, ఇప్పపువ్వు బుట్టలు మోసుకుని దిగేవాళ్లు. సరుకు కళ్ల ముందు లేకపోతే వాళ్లకు ముద్ద దిగదు. గది ఎంత పెద్దదైనా లోపలికి వచ్చేవాళ్లు కాదు. పందిరి లేకపోతే హోటల్ లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. మున్సిపాలిటీ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత మా ఊరు మున్సిపాలిటీ అయింది. అయిన కొత్తలో రోడ్డు పక్కన షాపుల ముందు సిమెంటు పోశారు. మా పందిరి గుంజలు అడ్డమొస్తే వాటి చుట్టూ వదిలేసి పోశారు. మంచివాళ్లే అనుకున్నాను. కొన్నాళ్లకు ఆ గుంజల్లో ఒకదానికే కాగితం అంటించి పోయారు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అప్పటికి బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు చదవగలను. అంత పొడుగు కాగితం ఎప్పుడూ చదవలేదు. ఒక చేత్తో పూరీలు వేస్తూ, వచ్చిపోతూ, ముక్క ముక్కగా చదివాను. తినేవాళ్లు కూడా చెయ్యి ఆపి విన్నారు. "ఆహార విక్రయదారులు తమ ఆవరణ వెలుపల ఆసన సౌకర్యం కల్పించరాదు" అని ఉంది.

"ఆసన సౌకర్యం అంటే ఏందిరా?" అని అడిగాను.

పక్కన టీ కొట్టు నడిపే అతను గ్లాసులు కడుగుతూ అన్నాడు. "బల్ల అక్కా. నువ్వు ఏసినవే, గదే."

అడవి కర్రతో కొట్టించిన బల్లకు అంత పేరుందని నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు మున్సిపాలిటీ సారు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. రోజూ మా దగ్గరే ఇడ్లీ తినేవాడు. ఆ రోజు మాత్రం తినకుండా నిలబడ్డాడు. వెంట ఇద్దరు పనివాళ్లు, సున్నం తట్ట. షాపుల గోడలకు జానెడు ఎడంగా, ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లగా గీత పోయించాడు. మా గది గడప ముందు నుంచి పోయింది గీత. పందిరి, బల్లలు, బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవరు, అతని ప్లేటు అన్నీ గీత అవతల పడ్డాయి.

"గీత బయట ఏదున్నా ట్రాక్టర్ల ఏసుకపోతం. వారం టైమిస్తున్నం" అన్నాడు సారు.

"గీత లోపల జానెడు జాగుంది సారూ. అందుల మనిషి నిలబడితే కడుపు బయటికుంటది. ఏడ తినాలె?"

"అది మాకు సంబంధం లేదమ్మా. గీత గీతే."

డ్రైవరు ప్లేటు పట్టుకుని లేచి, గోడకు వీపు ఆనించి, గీత లోపల నిలబడి తినడం మొదలుపెట్టాడు. సాంబారు గీత బయట కారింది. సారు దాన్ని కూడా చూశాడు.

నేను ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లారగట్ల వాకిలి ఊడ్చి, పేడ నీళ్లు చల్లి, ముగ్గు వేస్తాను. సిమెంటైనా మానలేదు. పందిరి నాలుగు గుంజలూ లోపలికొచ్చేటట్టు చుట్టూ అంచు గీస్తాను, మూలల్లో తామర పువ్వు పెడతాను. ఆ పని నా చేతులు చేస్తాయి. నా బుర్ర టీ తాగాక గాని లేవదు. మర్నాడు కూడా చేతులు అదే చేశాయి. సారు వచ్చేసరికి మా ముందు గీత లేదు. తామర పువ్వులున్నాయి.

"గీతేదమ్మా?"

"ఊడ్సిన సారూ."

"గవర్నమెంటు గీత ఊడుస్తవా?"

"వాకిట్ల ఉంటే ఎవరి గీతైనా ఊడుస్త."

మళ్లీ గీయించాడు. తెల్లారి మళ్లీ పోయింది. కావాలని చెయ్యలేదంటే సారు నమ్మలేదు. మున్సిపాలిటీ కొత్త పుస్తకంలో ఇన్ని రూల్సున్నాయి గాని, పేడ నీళ్ల గురించి ఒక్కటీ లేదట. ఎవరెవరినో అడిగి, రెండు మూడు రోజులకు వచ్చి గట్టిగా చెప్పాడు.

"ఇగ ఊడ్వొద్దు, చల్లొద్దు, ముగ్గెయ్యొద్దు. గీత పోతే కేసైతది."

సరే అన్నాను. చీపురు మూలకు పెట్టాను. మా ఆయన ఆ పొద్దుకు ఊళ్లో లేడు. అడ్డాకు విస్తర్లు తెస్తానని మణుగూరు వైపు పోయి అప్పటికి కొన్నాళ్లయింది. ఉంటే ఆయనే ఏదో ఒకటి అనేవాడు.

తెల్లారి వాకిలి ఊడ్వకుండానే పొయ్యి వెలిగించాను. ఇడ్లీ ఉడికింది. ఒక్క మనిషి రాలేదు. రోజూ తినిపోయే బొగ్గు గని పనివాళ్లు సైకిళ్లు ఆపి, నేల వైపు చూసి, చెప్పులు విప్పి ఒక దండం పెట్టి వెళ్లిపోయారు. నాకేమీ అర్థం కాలేదు. అంతలో టీ కొట్టతను భుజం మీద తువ్వాలుతో వచ్చి, నా ముందు కూలబడ్డాడు.

"అక్కా, బావ ఎట్ల పోయిండే?"

"బస్సుల పోయిండు."

"అయ్యో, బస్సులనా!" అని నోరు కొట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది. మా దగ్గర ముగ్గు లేని వాకిలంటే ఇంట్లో పీనుగు లేచిందని అర్థం. అలాంటి ఇంట్లో ఎవరూ నీళ్లు కూడా తాగరు. మా ఆయన కొన్నాళ్లుగా కనబడటం లేదు. లెక్క వాళ్లే కట్టేశారు.

"ఎవరూ పోలేదురా" అన్నాను.

"పాపం, ఇంకా నమ్ముతలేదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చేశారు. కూరగాయలమ్మే ముసలామె నా మెడ మీద పడి రాగం అందుకుంది. నేను ఎంత తోస్తే అంత గట్టిగా పట్టుకుంది. బతికుండగా మా ఆయనను ఆమె ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఆ రోజు దేవుడిని చేసింది.

అంత గోలలో బస్సు ఆగింది. మా ఆయన విస్తర్ల కట్ట నెత్తిన పెట్టుకుని దిగాడు. జనాన్ని చూసి కట్ట దించాడు.

"ఎవరు పోయిండ్రు?"

టీ కొట్టతనే చెప్పాడు. "నువ్వే పోయినవ్ బావా."

"నేనా?" మా ఆయన చుట్టూ చూసి తలలు లెక్కపెట్టినట్టు కళ్లు తిప్పాడు. మొహం మాడ్చుకున్నాడు. "గింత మందే వచ్చిండ్రా?"

కూరగాయలామె మాత్రం ఏడుపు ఆపలేదు. "సగంల ఆపితే అరిష్టం, జర ఆగుండ్రి" అని మిగతాది కూడా పాడి, ముక్కు తుడుచుకుని లేచింది.

సరిగ్గా అప్పుడే సారు వచ్చాడు. దూరం నుంచే చెప్పులు విప్పాడు. నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఎప్పుడైందమ్మా?"

"మీరు ముగ్గెయ్యొద్దన్నకాడి నుంచి."

మా ఆయన పక్కనే నిలబడి, "నమస్తే సారూ" అన్నాడు. సారు రెండడుగులు వెనక్కి వేశాడు. సంగతి తెలిశాక ఆయన మొహం చూడాలి. మున్సిపాలిటీ గీత గీసి మనిషిని చంపిందని ఊరంతా అంటే ఉద్యోగం ఏమవుతుందో ఆయనకు తెలుసు. పైగా ఆకలి మీదున్నాడు. ఆ వాకిట్లో ఇడ్లీ ఆయనకూ సయించదు.

"ముందు ముగ్గెయ్యమ్మా. ఊడ్వు, చల్లు, ఏం జేస్తవో చెయ్యి. గీత రేపు రంగుతోని ఏయిస్త. పేడ నీళ్లకు పోదు. గడువు గూడ రేపటికే. బల్లలు తీసుకో."

మర్నాడు రెండు బిందెలు ఎక్కువే చల్లాను. ఇది ఆఖరు ముగ్గు అనుకున్నాను. సాయంత్రానికి పందిరి ఉండదు. నాలుగు గుంజల చుట్టూ అంచు లావుగా పోశాను, తామరలు పెద్దవి పెట్టాను. ఇడ్లీ దించుతుండగా పసుపు రంగు డబ్బాలతో పెయింటర్లు వచ్చారు. మా ఊరి వాళ్లు కాదు. వీధి ఆ చివరి నుంచి, పాత సున్నం గీత మీద రంగు వేసుకుంటూ వచ్చారు. టీ కొట్టు దాకా తిన్నగా వచ్చింది. మా దగ్గరికి రాగానే ఆ గీత అయిపోయింది, నా అంచు మొదలైంది. పెయింటరు ఆగకుండా బ్రష్ అటు తిప్పాడు.

"అది ముగ్గు బిడ్డా" అన్నాను.

"తెల్లగున్న దాని మీద పొమ్మన్నరమ్మా. ముగ్గో గీతో మాకేం తెలుసు?"

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. అతను గుంజల చుట్టూ తిరిగాడు. తామర పువ్వు దగ్గర మాత్రం నాలుక బయటపెట్టి, రేకు రేకుకూ జాగ్రత్తగా పూశాడు.

మధ్యాహ్నం సారు ట్రాక్టరుతో వచ్చాడు. టీ కొట్టు బల్ల ఎక్కించారు. మా ముందు ట్రాక్టరు ఆగింది. సారు గీతను చూశాడు. గీత తిన్నగా వచ్చి, మా దగ్గర గర్భిణిలా ముందుకు ఉబ్బి, నాలుగు పూలు పూసి, మళ్లీ తిన్నగా పోయింది. ఆయన చాలాసేపు కొలిచినట్టు చూశాడు.

"సార్, బల్లలు గీత లోపలనే ఉన్నయి. ఎక్కియ్యాల్నా?" అని ట్రాక్టరు డ్రైవరు అడిగాడు.

సారు కిందికి వంగాడు. పసుపు రంగు ఆరిందో లేదో వేలితో ముట్టి చూశాడు. ఆరింది. గీత దాటి లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"ఇడ్లీ ఉన్నదా అమ్మా?"

"చల్లారింది సారూ."

"ఫర్వాలేదు, తే."

తెల్లవారి చూస్తే టీ కొట్టతను నేల మీద వంగి సున్నం పోస్తున్నాడు. వంకర టింకర గీతలు, రోడ్డు సగం దాకా. పువ్వనుకుని వేసింది పీతలా ఉంది.

"రంగేసినోళ్లు పోయిండ్రురా" అన్నాను.

"మల్ల రారా అక్కా?"

వాళ్లు రాలేదు. అతను ఆ రోజే కెటిలు, గ్లాసులు తెచ్చి మా పందిరి కింద పెట్టుకున్నాడు. రానియ్యకపోతే ఊరంతా నన్ను తిట్టేది. పైగా మా ఆయన చచ్చిపోయాడని ముందుగా వచ్చి ఏడ్చింది అతనే. సంత రోజు ఒక ఇప్పపువ్వులామె వచ్చి, ఆ పసుపు గీత బయట బుట్ట పట్టుకుని నిలబడింది. దాటొచ్చో లేదో ఆమెకు తెలియలేదు.

"లోపలికి రా, సర్కారు గీతే అది" అన్నాను. బుట్ట తామర పువ్వు మీద దించి, దాని పక్కనే కూర్చుంది.