సందుగలో తునికాకు

షుగర్ ఉందని తెలిసినప్పుడు అన్నం సగానికి తగ్గించాను. అయినా షుగర్ తగ్గలేదు. పగలంతా ఇంటిపని, అర్ధరాత్రి దాకా బీడీలు చుట్టడం, నాలుగింటికి మళ్లీ లేవడం. ఎల్లారెడ్డిలో మా వాడకట్టు ఆడవాళ్లందరిదీ అదే బతుకు.

కామారెడ్డిలో డాక్టరమ్మ నా తిండి గురించి కాక నిద్ర గురించి అడిగింది. "నిద్ర చాలకపోతే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదమ్మా. ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది," అంది. నేను తలూపి మరిచిపోయాను. పక్కనున్న మా అత్త మరిచిపోలేదు.

ఆ రోజు నుంచి చీకటి పడగానే తునికాకు కట్టలన్నీ సందుగలో పెట్టి తాళం వేసేది. ఆకు లేనిదే బీడీ లేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

"నా పని నన్ను చేసుకోనియ్యవా అత్తా?"

"పొద్దుగాల ఇస్త. పోయి పండుకో."

కోపంతోనే పడుకునేదాన్ని, కోపంతోనే నిద్రపట్టేది. ఆరింటికి లేచేసరికి ఆకు తడిపి, కత్తిరించి, నా చాటలో పేర్చి ఉండేది. అదేదో దానంతటదే అయినట్టు కూర్చుని బీడీలు చుట్టేదాన్ని.

మూడు నెలల తర్వాత డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మందులు అవే, షుగర్ మాత్రం బాగా తగ్గింది. మంచిగా నిద్రపోతున్నట్టున్నావు," అని మెచ్చుకుంది.

బయటికొచ్చి చూస్తే అత్త బెంచీ మీద కూర్చునే కునుకుతోంది. వేళ్ల నిండా కత్తెర పట్టి కాసిన కాయలు. పక్కన కూర్చుని ఆమె తలను నా భుజానికి ఆనించుకున్నాను. ఆసుపత్రి ముందు నుంచే మా ఎల్లారెడ్డి బస్సు వెళ్లిపోయింది. లేపలేదు.