ఎలాగూ వ్యాన్ తీస్తున్నావుగా

ఈ రోజు మా అమ్మాయిని యూనివర్సిటీ హాస్టల్లో దింపాలి. సింగపూర్‌లో మేముండే హౌగాంగ్‌లో మా పక్క బ్లాక్ అంకుల్ తన వ్యాన్ ఇస్తానన్నారు. పొంగిపోయి, ఆ వ్యాన్ నడపడానికి ఈ ఒక్క రోజుకీ నా పేరు మీద ఇన్సూరెన్స్ కూడా తీసుకున్నాను. పొద్దున సామాన్లతో కిందికి దిగేసరికి వ్యాన్‌లో సగానికి పైగా ఒక పాత చెక్క బీరువా పడుకుని ఉంది.

"ఎలాగూ వ్యాన్ తీస్తున్నావుగా బాబూ, దారిలో పాసిర్ రిస్‌లో మా చెల్లెలింట్లో దింపేయ్."

"అంకుల్, పాసిర్ రిస్ తూర్పు చివర, హాస్టల్ పడమటి చివర!"

"బండి ఉన్నాక దూరమేముంది?"

అమ్మాయి పుస్తకాల పెట్టెలు ఇంట్లోనే ఆగిపోయాయి. పాపం, ఫ్యాన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాసిర్ రిస్‌లో ఆ చెల్లెలుగారు నన్ను ఎగాదిగా చూసి, "ఈ చెత్త నాకొద్దని అన్నయ్యకి ఎప్పుడో చెప్పాను," అన్నారు. అలా ఆ బీరువా కూడా యూనివర్సిటీ చూసొచ్చింది.

ఇప్పుడే అంకుల్ మెసేజ్: "ఇన్సూరెన్స్ రాత్రి పన్నెండు దాకా ఉందిగా? ఒక సోఫా కూడా ఉంది."

ఈ ధర్మప్రభువు అంకుల్ మీ బ్లాక్‌లో ఎవరికైనా కావాలా? చెప్పండి. ఎలాగూ ఇన్సూరెన్స్ పన్నెండు దాకా ఉంది, తెచ్చి దింపేస్తాను.