మెట్టె నల్లబడలేదు

తెల్లవారేసరికి కడుపులో ఎవరో చెయ్యి పెట్టి తిప్పుతున్నట్టు అనిపించింది. బద్వేలు దగ్గర మా అక్క ఊళ్లో ఉన్నాను. పెరట్లోకి పరుగెత్తితే, అక్క నాకన్నా ముందే గోడ పట్టుకొని వాంతి చేసుకుంటోంది. ముందురోజు సాయంత్రం పుట్టగొడుగుల కూర తిన్నది మేమిద్దరమే. బావకు ఆ వాసన గిట్టదు.

వానలకు చేనిగట్టున తెల్లగా మొలిచినవి అవి. కూర ఉడుకుతుండగా అక్క కాలి మెట్టె తీసి, కడిగి, గిన్నెలో వేసింది. వెండి నల్లబడితే విషం, లేకుంటే మంచివి. మా అమ్మ కూడా అలాగే చూసేది.

"ఇదేం పరీక్షక్కా?" అన్నాను. ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడేదాన్ని నేను; ఊరి దేవత గంగమ్మ జాతరనూ వదల్లేదు.

"మళ్లీ ఎత్తుకున్యావా నీ ఉపన్యాసం? సూడుమే, మెట్టె ఎంత తెల్లగుండాదో. నోరు మూసుకోని తిను."

ఇద్దరం నవ్వుకుంటూ తిన్నాం. కూర చాలా బాగుంది.

బావ మమ్మల్ని కడప ఆస్పత్రిలో చేర్చాడు. సెలైన్ పెట్టారు. లివర్ ఎలా ఉందో చూసే ఎల్‌ఎఫ్‌టీ పరీక్షకు రక్తం తీశారు. పుట్టగొడుగులని చెప్పగానే డాక్టరమ్మ మొహం మారింది. "మిగిలినవి తెచ్చినారా?" అని అడిగింది. బావ అప్పటికే దిబ్బలో పారేశాడు.

మర్నాటికి వాంతులు ఆగాయి. మొదటి రిపోర్టులో పెద్ద తేడా లేదు. అక్క లేచి జడ వేసుకుంది.

"ఇప్పుడే పోవద్దండి," అంది డాక్టరమ్మ. "ఈ విషం మధ్యలో బాగైనట్టు అనిపిస్తుంది. లోపల లివర్ పోతా ఉంటుంది. అబ్జర్వేషన్‌లో ఉండాల."

"శానా బాగుండా తల్లీ. బర్రెకు పాలెవురు పిండాల?" అని, అక్క నా వైపు తిరిగింది. "నీకేంమే, ఎదురుసూసేవాళ్లు ఎవురుండారు? నువ్వు ఉండు."

ఎప్పుడూ అనే మాటే. ఆరోజు గుచ్చుకుంది. ఏమైనా తనదే బాధ్యతని సంతకం పెట్టి బావ అక్కను తీసుకుపోయాడు. నాకోసం ఎదురుచూసే ఇల్లు లేదు గనుక నేను ఆ మంచం మీదే ఉండిపోయాను. నేను బతకడానికి అదే కారణం.

తర్వాతి రక్తపరీక్షలో లివర్ ఎంజైములు విపరీతంగా పెరిగాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఐసీయూలో వేసి, లివర్‌ను కాపాడే ఎన్-అసిటైల్ సిస్టీన్ మందు ఎక్కించారు. అక్కను మళ్లీ తెచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. తెరకు అవతలి మంచం మీద పడుకోబెట్టారు. ఆమె పక్కనున్న మిషన్ చప్పుడు వింటూ గడిపాను. ఒకసారి కునుకు పట్టి లేచేసరికి ఆ చప్పుడు లేదు.

"మా అక్క ఎట్లుందమ్మా?" అని నర్సును అడిగాను.

"మీరు ఎక్కువ మాట్లాడగూడదు," అంది ఆమె, నా మొహం చూడకుండా.

కోలుకున్నాక డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మూత్రంలోనే ఈ విషాన్ని నిమిషాల్లో పట్టే స్ట్రిప్ వచ్చిందట. ఆ ఆస్పత్రికి ఇంకా రాలేదట. కడుపు వచ్చిందో లేదో చెప్పే స్ట్రిప్ ప్రతి మందుల షాపులో దొరుకుతుంది. షుగరు చూసే మిషన్ పల్లెల్లో కూడా ఉంది. ఇది మాత్రం ఎందుకు రాలేదు? ఈ పుట్టగొడుగులు తినేది చేనిగట్ల మీద ఏరుకునేవాళ్లు గనుకనా? ఆ స్ట్రిప్ మీద ఒక గీత చూపించి ఉంటే అక్క ఆగేది. ఆమె కంటితో చూసిందే నమ్మేది.

అక్క పోయాక, సభల్లో గంగమ్మను తిట్టిన పాపం నాదైతే అది అక్కకు తగిలిందని ఊరు అంది. వాదించాను. మా చిన్నమ్మ నా మొహం మీదే తలుపేసింది. బావ ఒక్కసారే కడపలో నేనుండే గదికి వచ్చి, గుడ్డలో చుట్టిన మెట్టె నా చేతిలో పెట్టి, నీళ్లైనా తాగకుండా వెళ్లాడు.

ఇప్పుడు నా ఎల్‌ఎఫ్‌టీ బాగుంది. ఒక్కదానికే వండుకుంటున్నాను. సభల్లో మెట్టె తీసి చూపిస్తాను, చివర ఒకే మాట చెబుతాను. ఏరిన పుట్టగొడుగు తిని వాంతి అయితే, మిగిలింది పారేయకుండా కాగితంలో చుట్టి ఆస్పత్రికి తీసుకుపోండి. బాగైందనిపించినా డాక్టరు పొమ్మనేదాకా మంచం దిగకండి.

ఆ మెట్టె ఇప్పటికీ తెల్లగానే ఉంది.