తొట్టిలోంచి పలికిన అక్క

గూడూరు నుంచి వచ్చిన మా మరిది, పెరట్లో కాళ్లు కడుక్కుంటూ మామూలు కబురులా చెప్పాడు. "వదినా, రేకుల సాయిబు గారి భార్య పోయినారంట. పది రోజులైంది." చేతిలో చెంబు కింద పెట్టి ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆ పది రోజులూ నేను ఈ బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో బియ్యం ఏరాను, పిల్లలకు జడలు వేశాను, ఎవరి మీదో విసుక్కున్నాను. ఆమె లేదని నాకు తెలియనే లేదు.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. నాకేమవుతుందని అడిగితే చెప్పడానికి చుట్టరికం లేదు.

పెళ్లయి అల్లూరు నుంచి గూడూరు వచ్చేసరికి నాకు పదిహేడేళ్లు. మా ఆయనకు బిట్రగుంటలో ఉద్యోగం. క్వార్టర్సు ఇంకా రాలేదు. ఆదివారం వచ్చి సోమవారం పొద్దున బండికి వెళ్లిపోయేవారు. మామగారిది మైకా వ్యాపారం. ఇంట్లో కుళాయి ఉండాలని ఆయన ముచ్చటపడి, స్నానాల గది పైన అటక మీద పెద్ద రేకు తొట్టి పెట్టించారు. పెరట్లో బావి దగ్గర చేతిపంపు కొడితే నీళ్లు గొట్టం గుండా పైకెక్కి తొట్టిలో పడతాయి. ఆ పంపు కొట్టే పని కొత్త కోడలికి వచ్చింది.

రోజూ సాయంత్రం, అత్తగారు పురాణం వినడానికి వెళ్లినప్పుడు, తొట్టి నిండేదాకా కొట్టేదాన్ని. అరచేతులు బొబ్బలెక్కేవి. మొదటి ఆరు నెలలూ బాగానే గడిచింది. ఆ తరువాత, పొద్దున మామగారు కుళాయి తిప్పితే నాలుగు చెంబుల నీళ్లు వచ్చి ఆగిపోవడం మొదలైంది.

"నింపినాను అత్తయ్యా" అన్నాను.

"నింపితే యాడికి పోయినాయి? రెక్కలొచ్చి ఎగిరిపోయినాయా?"

స్నానాల గది గోడ ఎప్పుడూ తడిగానే ఉండేది కనుక తొట్టి కారుతుందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు. నన్ను వీధి గడప దాటనిచ్చేవారు కాదు. పుట్టింటికి రాసే ఉత్తరం మామగారు చదివాకే పోస్టుకు వెళ్లేది. ఆదివారం మా ఆయనతో చెబితే, "అమ్మతో వాదన పెట్టుకోవద్దు" అన్నారు. పొద్దస్తమానం ఆ పెరడు, ఆ వంటిల్లు, ఆ పంపు కీచుమనే చప్పుడు. చేసిన పని రోజూ చేయని పని అయిపోతుంటే కొన్నాళ్లకు నాకే నా మీద నమ్మకం పోయింది. నిజంగానే నింపానా అని రాత్రి పడుకుని ఆలోచించేదాన్ని.

అక్క వాళ్ల పెరటికీ మా పెరటికీ నడుమ ఒకటే గోడ. ఆమె భర్త రేకు పని చేసేవారు. వీధి వైపు అంగట్లో ఆయన కూర్చుని కారే బిందెలూ బకెట్లూ తీసుకునేవారు. ఒకరోజు గోడ మీదుగా చూశాను. కుంపటి ముందు కూర్చుని బకెట్టు చిల్లికి టంకం వేస్తున్నది అక్క. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆయన చేతులు వణుకుతాయనీ, పనంతా ఇంటి లోపల ఆమే చేస్తుందనీ ఊళ్లో ఎవరికీ తెలియదు.

నేను గోడ పక్కన ఏడుస్తుంటే ఓ సాయంత్రం ఆమే పలకరించింది. "ఏడవబాక చెల్లెమ్మా. నువ్వు పంపు కొట్టేది నేను రోజూ వింటానే ఉండా. నువ్వు నింపతా ఉండావు. అది కారతా ఉండాది."

నా మాట నమ్మిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

అత్తగారు వాళ్ల చెల్లెలింటికి వెళ్లిన ఓ మధ్యాహ్నం, అక్క పెరటి దారిన కుంపటి పట్టుకుని వచ్చింది. నిచ్చెన వేసుకుని, కుంపటితో సహా ఇద్దరం అటక ఎక్కాం. పెంకులు తల మీద కాలుతున్నాయి. నిలబడటానికి చోటు లేదు. అడుగున మిగిలిన నీళ్లు తోడేసి, గుడ్డతో తుడిచి, అక్క తొట్టిలోకి దిగి, చీకటి కోసం మూత వేయమంది. నేను బోర్లా పడుకుని, తొట్టి కింద లాంతరు కొంచెం కొంచెంగా జరుపుతున్నాను.

"కారిన చోట వెతకబాకమ్మా. నీళ్లు నడిచిపోతాయి. మొదలు యాడుందో చూడాల" అంటూ ఉంది లోపలి నుంచి. అంతలోనే, "ఆగు! ఆడనే ఉంచు! ఆవగింజంత వెలుగు కనపడతా ఉండాది."

మూత తీయబోతుండగా కింద మాటలు వినిపించాయి. మామగారు. ఆయనతో మా నాన్న.

నిచ్చెన హాలుకు ఎదురుగానే ఉంది. పరాయి మగవాళ్ల ముందు అక్క దిగడానికి లేదు. ఆమెను వదిలి నేను దిగలేను. కుంపటి సెగ, పెంకుల వేడి. చెమట కళ్లలోకి కారుతున్నా చెయ్యి కదపలేదు. అక్క చీకట్లో, మూత కింద.

"జాబు అందుకే రాసినా బావా" అంటున్నారు మామగారు. "పని చెయ్యకపోతే పోనీ. చేసినానని రోజూ అబద్ధం చెప్తే ఎట్టా? కొన్నాళ్లు మీ ఇంటికి తీసకపోండి."

"సరే బావా, తీసకపోతా" అన్నాడు నాన్న. ఆ గొంతు నాన్నదిలా లేదు. అరవాలనుకున్నాను.

అప్పుడు తొట్టి మోగింది.

"పెద్దయ్యా! మీ తొట్టికి చిల్లి ఉండాది. నా వేలు దాని మీదనే ఉండాది. బిడ్డ అబద్ధం చెప్పలేదు!"

కింద కుర్చీ జరిగిన చప్పుడు. "ఎవరమ్మా పైన?"

"రేకుల సాయిబు ఇంటిదాన్ని."

"సాయిబు ఏడీ?"

"ఆయన చేతులు వణకబట్టి నాలుగేళ్లయింది పెద్దయ్యా. మీ ఇంటి బిందెలన్నిటికీ టంకం ఏసింది నేనే."

మామగారు, "పని కానీ తల్లీ" అని నాన్నను తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయారు. నేను కుంపట్లో కాలిన కడ్డీ అందిస్తుంటే, అక్క ఆ పొగలో దగ్గుతూ చిల్లి పూడ్చింది. ఆ సాయంత్రం మా నాన్న పంచె ఎగగట్టి తానే పంపు కొట్టాడు. తెల్లవారి తొట్టి నిండుగా ఉంది. నాన్న ఒక్కడే అల్లూరు వెళ్లిపోయాడు.

అత్తగారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఇంకో రెండేళ్లు పంపు కొట్టింది నేనే. అక్కకు మాత్రం కష్టమైంది. పరువు బజార్న పెట్టినావని సాయిబు గారు నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. నా కోసం ఎందుకు చేశావక్కా అని గోడ దగ్గర అడిగాను. "నీ కోసమే కాదమ్మా. లోపల ఊపిరాడలేదు. అరవకుంటే చచ్చిపోయేదాన్ని" అంది. మూత సంగతేనా చెప్పింది? నేను మళ్లీ అడగలేదు.

మాకు క్వార్టర్సు వచ్చాక ఆమె ఇక్కడికి ఒక్కసారే వచ్చింది, కావలిలో బంధువుల ఇంటికి వెళ్తూ. స్టేషనులో కలిశాను. పక్క లైనులో బొగ్గింజను నీళ్లు పట్టుకుంటోంది. పై నుంచి లావుపాటి గొట్టం వంగి, నీళ్లు దబదబా పడుతున్నాయి. వాళ్ల బండి కూత వేసింది. సాయిబు గారు పిలుస్తున్నారు. అక్క బురఖా ముసుగు వెనక్కి తోసి, గాలికి కొట్టుకొచ్చే తుంపర ముఖమంతా పడుతున్నా తుడుచుకోకుండా, ఆ నీళ్లనే చూస్తూ నిలబడింది.