అండాలక్క విన్న చప్పుడు

దయ్యాలు, శకునాలు నేను నమ్మను. మా పాపకు దిష్టి తీస్తానంటే మా అత్తగారితో వాదనకు దిగేదాన్ని. చదివింది స్టాటిస్టిక్స్, చేసేది డేటా పని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కరోనా రెండో వేవ్ రోజులు. ఉప్పల్లో ఒక మందుల షాపు పైన మాది రెండు గదుల ఆఫీసు. జనం సోషల్ మీడియాలో కరోనా గురించి ఏం మాట్లాడుకుంటున్నారో సేకరించి, వేటిలో భయం ఉంది, ఏది పుకారు, ఎవరికి సాయం కావాలి అని విడదీయడం మా పని. సాయం అడిగిన పోస్టులను వెంటనే వాలంటీర్లకు పంపేవాళ్లం.

ముందు ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ విడదీసేది. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలంగాణ మాట దానికి అంతుబట్టేది కాదు. చదివి సరిదిద్దడానికి ఒక మనిషిని పెట్టుకున్నాం. ఆమే అండాలక్క. యాభై ఏళ్లుంటాయి. పదో తరగతి చదివింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేసేది, లాక్‌డౌన్‌లో అది మూతపడింది. ఆమె ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ఆఫీసుకే వచ్చేది. ఆమెకు తోడుగా ఏఎస్ రావు నగర్ నుంచి నేను వచ్చేదాన్ని. మిగతా అందరూ ఇళ్ల నుంచే.

మొదటి వారంలోనే ఆమె నాకు ఒక పాఠం చెప్పింది. "ఫికర్ జెయ్యకు", అంటే దిగులుపడకు, అన్న మాట కనబడితే ప్రోగ్రామ్ ఆ పోస్టును ధైర్యం కింద వేసేది. అండాలక్క తీసి భయం కింద వేసింది. ఎందుకని అడిగాను.

"ఫికర్ లేనోళ్లు ఫికర్ జెయ్యకని ఎందుకు రాస్తరు చెల్లె?" అంది.

ఆ ఒక్క మార్పుతో మా గ్రాఫులు తలకిందులయ్యాయి. జనం ధైర్యంగా ఉన్నారని మేం అనుకున్న వారమే వాళ్లు ఎక్కువ వణికిపోయిన వారమని తేలింది. ఆమె ప్రతి పోస్టునూ పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివేది. రోజుకు ఎన్ని వందలు వచ్చినా ఒక్కదాన్నీ పైపైన చూసి వదిలేది కాదు. అలాంటి ఓపిక నేను మరొకరిలో చూడలేదు.

ఆ రోజు పొద్దున పదకొండు దాటింది. ప్రోగ్రామ్ "నీటి సరఫరా ఫిర్యాదు" అని పక్కన పెట్టిన పోస్టు ఒకటి ఆమె ముందుకొచ్చింది. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండే ముక్కలు. నీళ్లు అయిపోయినయ్. తలుపు గడియ పెట్టలే. పేరు లేదు, ఫొటో లేదు, ఏరియా లేదు. ఆ అకౌంట్ నుంచి అంతకుముందు ఒక్క పోస్టూ లేదు.

అండాలక్క తల తిప్పి కిటికీ వైపు చూసింది.

"ఈ సప్పుడేంది చెల్లె? గిర్ని నడుస్తున్నట్టుంది."

గిర్ని అంటే పిండి మర. నాకు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పొద్దున పది దాటితే దుకాణాలన్నీ మూసేయాల్సిన రోజులవి. అసలు మా ఆఫీసు దగ్గర్లో పిండి మరే లేదు.

ఆమె ఆ పోస్టు మూసేసింది. "ఆగింది," అంది. మళ్లీ తెరిచింది. "మల్ల వస్తుంది."

వారాల తరబడి కష్టాలు చదివి చదివి అలిసిపోయిందనుకున్నాను. అయినా నా చదువు నన్ను ఊరుకోనివ్వలేదు. ఆమెను గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. చప్పుడు వినిపిస్తే చెయ్యి ఎత్తమన్నాను. ఆ పోస్టును ఇంకో తొమ్మిదింటితో కలిపి, నోరు మెదపకుండా ఒక్కొక్కటే నా స్క్రీన్ మీద తెరిచాను. ఏడోదానికి చెయ్యి ఎత్తింది. అదే పోస్టు. వరస మార్చాను. ఈసారి రెండోదానికి ఎత్తింది. మళ్లీ అదే. మూడోసారి దాన్ని కలపకుండా చూపించాను. చెయ్యి లేవలేదు.

ఇంకోసారి మొదలుపెట్టబోతే అండాలక్క లేచి నిలబడింది.

"పరీచ్చలు చాలు చెల్లె. బెల్టు టపటప కొట్టుకుంటుంది. అది నాచారంల మా పాత గల్లీ గిర్నే. ఆడ ఎవలో ఆపతిల ఉన్నరు. బండి తియ్యి."

హబ్సిగూడ దగ్గర పోలీసులు ఆపారు. పాస్ చూపించి, పేషెంట్ దగ్గరికి వెళ్తున్నామని చెప్పాను. పేరు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏ పేరూ లేదు. అదృష్టం, అడగలేదు. అబద్ధం చెప్పానేమోనని నాచారం దాకా సిగ్గుపడుతూనే ఉన్నాను.

గిర్ని షట్టర్‌కు తాళం వేసి ఉంది. ఏ చప్పుడూ లేదు. నిజం చెప్పాలంటే, నాకు కాస్త ఊరట కలిగింది. అండాలక్క మాత్రం ఆగలేదు. గిర్ని వెనక గోడకు ఆనుకుని వరసగా మూడు గదులున్నాయి. రెండింటికి బయట తాళాలు. మూడోదాన్ని మోచేత్తో నెట్టింది. తెరుచుకుంది.

లోపల చాప మీద అరవై ఏళ్ల మనిషి ఎగశ్వాసతో పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కన బిందె బోర్లా పడి ఉంది. నేను గుమ్మంలోనే నిలబడి అంబులెన్స్‌కు, మా వాలంటీర్లకు ఫోన్ చేశాను. అండాలక్క మాస్కు సరిచేసుకుని లోపలికి నడిచింది. ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన సీసాలోని నీళ్లతో పెదవులు తడిపింది.

"పెద్దమనిషీ, నిద్రవోకు. నాతోని మాట్లాడు," అంటూ ఆక్సిజన్ సిలిండర్ వచ్చేదాకా, తర్వాత అంబులెన్స్ వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు. తల్లిబిడ్డలే దగ్గరికి రావడానికి భయపడుతున్న రోజులవి. సాయంత్రం దాకా అలాగే ఉంటే దక్కేవాడు కాదని దవాఖానాలో డాక్టర్ చెప్పారు.

ఆయన పేరు మల్లేశం. లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. భార్య కూతురి కాన్పుకు ఊరెళ్లి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయింది. ఆయన కోలుకుని ఇంటికొచ్చాక మేమిద్దరం చూడటానికి వెళ్లాం. ఆ పోస్టు ఎవరు పెట్టారని అడిగాను. ఆయనది కీప్యాడ్ ఫోను, దానికి నెట్ లేదు. ఇంగ్లిష్ అక్షరాలు రావు.

"నేను రాయలే బిడ్డా. నోటితోని అన్న, గంతే," అన్నాడు మల్లేశం. "పొద్దుగాల లేవనీకి వశం గాలే. నీళ్లు అయిపోయినయ్, తలుపు గడియ పెట్టలే, ఎవలన్న రాన్రి అని పండుకునే పిలిసిన. గిర్ని నడుస్తుండె. నా మాట నాకే ఇనబడలే."

పోస్టు పడిన సమయం మళ్లీ చూశాను. పొద్దున తొమ్మిదిన్నర. గిర్ని తెరిచి ఉన్న సమయమే.

గల్లీలో ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ తాము పెట్టామనలేదు. దారిన పోయేవాళ్లెవరో ఆయన మాట విని పెట్టి ఉండొచ్చు. అంతవరకు నన్ను నేను ఒప్పించుకోగలను. గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి చెయ్యి అదే పోస్టుకు రెండుసార్లు ఎలా లేచిందో మాత్రం ఒప్పించుకోలేకపోతున్నాను.

మల్లేశం భార్య అండాలక్క రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అండాలక్క ఇబ్బందిపడిపోయింది. "ఆయన పిలిసిండు, నేను వోయిన. దీంట్ల ఏముంది?" అని చేతులు విడిపించుకుంది. మర్నాడు మామూలుగానే వచ్చి, మిగిలిపోయిన పోస్టులు చదవడానికి కూర్చుంది.

సాయం అందిన ప్రతి పోస్టుకూ మేం ఒక రికార్డు రాయాలి. అందులో ఎలా నిర్ధారించారు అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో "అండాలక్క చదివింది" అని రాశాను. ఇవాళ్టికీ అంతకు మించి నాకు తెలియదు.